ఎడ్విన్ ప్లేటు

ఆ ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌వింగ్ పబ్బులో ఉన్నవాళ్లు వీళ్లు: వంటగదిలో గెయిల్. బార్ వెనక ఆమె కూతురు మార్నీ. బార్ ముందు, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, రిటైరైన బస్సు డ్రైవరు కాలిన్. అతని బూట్ల మీద తల పెట్టుకుని నిద్రపోతున్న ముసలి కుక్క. కిటికీ పక్క బల్ల దగ్గర లీడ్స్ నుంచి కారేసుకొచ్చిన భార్యాభర్తలు. మూల బల్ల దగ్గర, చర్చి నుంచి తిన్నగా వచ్చి టోపీలైనా తియ్యకుండా కూర్చున్న అక్కచెల్లెళ్లు ఇద్దరు. పబ్బు యజమాని ఫెరబీ ఊళ్లో లేడు. కూతుర్ని రైలెక్కించడానికి వెళ్లాడు.

గోడ పొయ్యి పక్కనున్న ఎత్తు స్టూలు ఖాళీగా ఉంది. అది కొండ మీద గొర్రెలు పెంచే ముసలి ఎడ్విన్‌ది. దాని మీద ఇంకెవరూ కూర్చోరు. కూర్చోవద్దని ఎక్కడా రాసి లేదు, ఎవరూ చెప్పరు కూడా. కొత్తవాళ్లు ఎవరైనా దాని మీద చెయ్యేస్తే కాలిన్ గట్టిగా దగ్గుతాడు, అంతే.

బయట వానా మంచూ కలిసి పడుతున్నాయి. ఏప్రిల్ వచ్చినా ఆ కొండల్లో చలి వదల్లేదు. గొర్రెలు ఈనే రోజులు. బడికి సెలవులు కాబట్టి మార్నీ వారమంతా పబ్బులోనే పని చేస్తోంది.

ఆదివారం రోస్టు అంటే తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. మాంసం ఓవెన్లోంచి తీశాక, కొయ్యడానికి ముందు కాసేపు ఆగాలి. పిండీ గుడ్లూ కలిపి పొంగించే యార్క్‌షైర్ పుడ్డింగు మాత్రం ఆగదు. ఓవెన్లోంచి తీసిన క్షణంలో బంగారు బుడగలా పొంగి ఉంటుంది, వంటగది తలుపు దాటి రెండు బల్లలు తిరిగేలోపు కూలబడిపోతుంది. అందుకే మార్నీ దాన్ని అన్నింటికంటే చివర ప్లేటులో పెట్టించుకుని, గ్రేవీ జగ్గు చిటికెన వేలికి తగిలించుకుని, భుజంతో తలుపు నెట్టుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చేది.

లీడ్స్ ఆవిడ పుడ్డింగుని ఫోర్కుతో పొడిచి చూసింది.

"చల్లారిపోయింది ఇది."

మార్నీ తల ఊపింది. క్షమించండి అనే మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆమెకి కొత్తవాళ్ల ముందు ఎప్పుడూ అంతే. ప్లేటు తీసుకుని వెనక్కి తిరిగింది.

"ఆ పిల్లకి నోరు లేదా ఏంటి?" అంది ఆవిడ మొగుడితో, మార్నీకి వినపడాలనే.

"వంటదాని కూతురట. ముఖం చూసి పెట్టుకుని ఉండరులే," అన్నాడు ఆయన.

మూల బల్ల దగ్గర అక్క మార్నీ చెయ్యి పట్టుకుని ఆపింది. "మీ అమ్మతో చెప్పమ్మా, ఇంత మెత్తటి మాంసం ఈ చుట్టుపక్కల ఎక్కడా తినలేదని."

"క్యాబేజీలో ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పు," అంది చెల్లెలు.

"నీకు అన్నిట్లోనూ ఉప్పు ఎక్కువే."

"నీకు నాలుకే లేదు."

రెండున్నరకి గెయిల్ వంట కట్టేసింది. స్టవ్వులన్నీ ఆపి, కింది ఓవెన్ ఒక్కటి మాత్రం సన్నని వేడి మీద ఉంచింది. అందులో ఎడ్విన్ ప్లేటు. రెండు మాంసం ముక్కలు, బాగా ఎర్రగా వేగిన బంగాళాదుంపలు, క్యారెట్లు, క్యాబేజీ. పుడ్డింగు మెత్తబడకుండా అన్నింటి మీదా. దాని మీద ఇంకో ప్లేటు బోర్లించి ఉంది. గ్రేవీ వేరే చిన్న జగ్గులో. ఎడ్విన్ వచ్చి కూర్చున్నాకే గ్రేవీ పొయ్యాలి. ముందే పోస్తే అంతా ముద్దవుతుంది.

ఎడ్విన్ మూడు దాటాక వస్తాడు, గొర్రెల్ని చూసుకుని. వస్తూ ఒక గోనెసంచీ నిండా చితుకులు తెస్తాడు. ముందు పొయ్యి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బూడిద లాగి, కర్రలు సర్ది, మంట నిలబెడతాడు. తర్వాత లేచి చేతులు కడుక్కుని స్టూలు మీద కూర్చుంటాడు. ఎప్పుడూ ఏమీ అడగడు. ప్లేటు వస్తుంది. తింటాడు. మార్నీకి తెలిసినప్పటి నుంచీ అంతే.

"తల పగిలిపోతోందే," అంది గెయిల్ ఆప్రాన్ విప్పుతూ. "కాసేపు పైన పడుకుంటా. ఎడ్విన్ వస్తే చూసుకో."

పైన ఉన్నవి రెండు గదులు. తల్లీ కూతుళ్లు ఉండేది వాటిలోనే. అవి ఉద్యోగంతో వచ్చిన గదులు. ఉద్యోగం ఉన్నంతకాలమే ఉంటాయి.

లీడ్స్ వాళ్లు వెళ్లిపోయారు. అక్కచెల్లెళ్లు ఒకే గొడుగు కోసం వాదించుకుంటూ వెళ్లిపోయారు. అప్పుడు తలుపు తెరుచుకుని ఒకావిడ, ఆరేళ్ల పిల్లాడూ లోపలికొచ్చారు. ఇద్దరి ఒంటి మీంచీ నీళ్లు కారుతున్నాయి. దారి తప్పి కొండ అవతల నుంచి నడిచొచ్చారట.

"తినడానికి ఏమన్నా ఉందా తల్లీ? ఏదైనా సరే."

"వంట... కట్టేశాం," అంది మార్నీ.

"అయ్యో. సూప్ లాంటిదైనా?"

పిల్లాడు ఏడవలేదు, అడగలేదు. పొయ్యి దగ్గరికెళ్లి తడిసిన చేతి తొడుగులతోనే చేతులు చాపి నిలబడ్డాడు. నిలబడ్డవాడు వణుకుతున్నాడు.

మార్నీ గడియారం వైపు చూసింది. ఎడ్విన్ రావలసిన వేళ దాటిపోయింది.

"ఇవాళ పెద్దాయన రాడులే," అన్నాడు కాలిన్, ఆమె చూపు కనిపెట్టి. "పొద్దున కనపడ్డాడు. గొర్రె కడుపులో పిల్ల అడ్డం తిరిగిందట. ఈ వానలో ఇంకేం వస్తాడు."

మార్నీ వంటగదిలోకి వెళ్లింది. ఓవెన్ తలుపు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. పైకెళ్లి అమ్మని లేపుదామా అనుకుంది. తలనొప్పి మనిషిని లేపడం దేనికని ఊరుకుంది. గుడ్డతో పట్టుకుని ప్లేటు బయటికి తీసి, గ్రేవీ పోసి, పట్టుకొచ్చి పిల్లాడి ముందు పెట్టింది.

"కట్టేశామన్నావుగా?" అంది తల్లి.

"ఇది... ఒకాయన కోసం ఉంచింది. ప్రతి ఆదివారం ఉంచుతాం. ఆయన ఇవాళ రావట్లేదు."

పిల్లాడు తలెత్తకుండా తిన్నాడు. తల్లి వాడికి వదిలేసి, అంచున ఉన్న బంగాళాదుంప ఒక్కటి తీసుకుంది. లేచేటప్పుడు పర్సు తీసి "ఎంత?" అని అడిగింది. మార్నీ బిల్లు మెషీన్ వైపు చూసింది. మిగతా ప్లేట్లన్నిటికీ బిల్లు మెషీన్లో ఒక్కో బొత్తాం ఉంది. ఎడ్విన్ ప్లేటుకి ధర అనేది ఎప్పుడూ లేదు.

"పర్వాలేదండీ," అంది.

ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. "నీ పేరేంటమ్మా?"

"మార్నీ."

ఆ మాట అన్నప్పుడే తలుపు తెరుచుకుంది. ఎడ్విన్ భుజం మీద గోనెసంచీతో వచ్చాడు. కోటు ముందంతా నెత్తుటి మరకలు, గొర్రెవి. అందరికీ తల ఊపి, పొయ్యి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బూడిద లాగాడు. పిల్లాడు పక్కకి జరిగి చోటిచ్చాడు.

"బతికాయా పెద్దాయనా?" అన్నాడు కాలిన్.

"పిల్ల బతికింది. తల్లి దక్కలేదు."

మంట నిలబడింది. ఎడ్విన్ చేతులు కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చుని, అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఎదురుగా బల్ల మీద పిల్లాడు ఖాళీ చేసిన ప్లేటు. పక్కన చిన్న జగ్గు. కాలిన్ తన గ్లాసులోకి తలొంచేసుకున్నాడు.

మార్నీ పింటు గ్లాసులో బీరు నింపి ఎడ్విన్ ముందు పెట్టింది. చెప్పాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంది. నోరు తెరిచింది కూడా. తర్వాత వెనక్కి తిరిగి, అరలోంచి ఉప్పు చిప్స్ ప్యాకెట్టు ఒకటి తీసి గ్లాసు పక్కన పెట్టింది.

ఎడ్విన్ దాన్ని చూశాడు. బల్ల మీది ప్లేటు వైపు కూడా చూశాడు.

"ఇది చాలు తల్లీ," అన్నాడు.

ఒక్కో చిప్సూ తీసి, అదొక పనైనట్టు నెమ్మదిగా నమిలి తిన్నాడు. పింటు సగమే తాగి లేచి వెళ్లిపోయాడు. సంచీ ఖాళీ చేసి, మడతపెట్టి తీసుకెళ్లడం మాత్రం మర్చిపోలేదు.

సాయంత్రం గెయిల్ కిందికొచ్చి ఓవెన్ తెరిచి చూసింది. "తిన్నాడా?"

"ఊఁ," అంది మార్నీ, అప్పటికే కడిగేసిన ప్లేటుని ఇంకోసారి తుడుస్తూ.

మంగళవారం పొద్దున ఫెరబీ బార్ మీద మోచేతులు ఆనించి ఫోన్లో చూస్తున్నాడు. గ్లాసులు తుడవడం మార్నీ పని. ఆయన కిందటి ఆకురాలే కాలంలోనే ఆ పబ్బు కొన్నాడు. అప్పటి నుంచి జుట్టు బాగా నెరిసింది. వచ్చిపోయినవాళ్లు రాసే మాటలు రోజూ పొద్దున్నే చదువుతాడు, కాఫీ కంటే ముందు.

"రెండు స్టార్లు," అన్నాడు. "చల్లారిన పుడ్డింగు. నీళ్ల గ్రేవీ. నోరు విప్పని, నవ్వని పిల్ల. ఇంత దూరం వచ్చినందుకు విచారిస్తున్నాం." తలెత్తాడు. "నవ్వితే నీ సొమ్మేం పోతుంది మార్నీ?"

"చల్లారలేదండీ," అంది, గ్లాసుతోనే చెప్పినట్టు.

"చల్లారిందో లేదో కాదు. వాళ్లు రాశాక అది చల్లారినట్టే." ఇంకో దానికి వెళ్లాడు. ముఖం విచ్చుకుంది. "ఇదిగో, ఐదు స్టార్లు! నీ పేరు కూడా రాశారు. వానలో తడిసి వచ్చాం, వంట కట్టేశారు. మార్నీ అనే బంగారుతల్లి మా అబ్బాయికి వేడివేడి రోస్టు తెచ్చిపెట్టింది. ఊళ్లో ఒక పెద్దాయన కోసం ప్రతి ఆదివారం దాచి ఉంచే ప్లేటట. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఇలాంటి చోట్లు ఇంకా..."

అక్కడ ఆగాడు. పెదవులు కదుపుతూ, ఈసారి పైకి చదవకుండా, మొదటి నుంచీ మళ్లీ చదివాడు.

"గెయిల్!"

గెయిల్ తడి చేతులతో వచ్చింది.

"ప్రతి ఆదివారం దాచే ప్లేటు ఏమిటి?"

గెయిల్ మార్నీ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది, అంతకంటే ఎక్కువగా ఆదివారం సాయంత్రం విన్న 'ఊఁ' ఉంది.

"ఎడ్విన్‌కి," అంది.

"ఎవరిస్తున్నారు దానికి?"

"ఎవరూ ఇవ్వరు. ఆయన పుల్లలు తెస్తాడు. పొయ్యి చూసుకుంటాడు. ముందున్న యజమానమ్మ కాలం నుంచీ ఇంతే."

"డబ్బిచ్చే తింటున్నాడనుకున్నాను. నాకెవరు చెప్పారు?"

"చెప్పడానికి ఏముందండీ? ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు నడిచింది."

ఫెరబీ ఫోను బోర్లించాడు. కేకలెయ్యలేదు. కేకలేసే మనిషైతే బాగుండేది. "ఈ చలికాలం ఈ పబ్బుని ఎలా లాక్కొచ్చానో నీకు తెలుసు. నా వంటగదిలోంచి నాకు తెలియకుండా వారం వారం ప్లేటు బయటికి పోతుంటే దాన్నేమంటారో నువ్వే చెప్పు."

ఫోను తీసి జేబులో వేసుకున్నాడు.

"ఊరంతా చదువుతారు దీన్ని. రేపు ఇంకో పెద్దాయన వస్తాడు, ఎల్లుండి ఇంకొకరు. ఏమని చెప్పను?" ముఖం రుద్దుకున్నాడు. "ఒకటే దారి. అది ఆయన చేసే పనికి కూలి, పాత యజమానమ్మ పెట్టిన ఒప్పందం, అంటే నాకు అభ్యంతరం లేదు. ఆ మాట ఆయన్ని వచ్చి చెప్పమను. లేదంటే ఈ నెలాఖరుకి నేను ఇంకో వంటమనిషిని చూసుకుంటాను. పైగదులు కూడా ఖాళీ చెయ్యాలి. ఏం చెయ్యను గెయిల్, నాకూ ఇష్టమై కాదు."

ఆయన సెల్లారులోకి వెళ్లాక మార్నీ అంది, "అమ్మా, ఎడ్విన్ గారిని అడుగుదాం."

"అడగవు."

"ఒక్క మాటే కదా."

"అడగవన్నానా!" గెయిల్ సర్రున తిరిగింది. "ఆ మనిషి భార్య పోయాక ఒక్కరి ఇంటికి భోజనానికి వెళ్లలేదు. ఎవరు పిలిచినా వెళ్లలేదు. ఇక్కడొక్కచోటే తింటాడు, ఎందుకో తెలుసా? ఎవరూ పిలవలేదు కాబట్టి. ఎందుకు పెడుతున్నామో ఎవరూ అనలేదు కాబట్టి. అనేస్తే ఇంకేం మిగులుతుంది?" చేతులు తుడుచుకుంది. తుడిచినవే మళ్లీ తుడుచుకుంది. "ఇంకో పని దొరుకుతుంది. ఊళ్లు లేవా?"

ఊళ్లు ఉన్నాయి. వంటపనితో పాటు ఇల్లు కూడా ఇచ్చే ఊళ్లు మాత్రం లేవు. రాత్రి అమ్మ అటకమీది పెట్టెలు దించుతున్న చప్పుడు మార్నీ దుప్పట్లోంచి విన్నది. ఒక పెట్టె, తర్వాత ఇంకోటి. తర్వాత చాలాసేపు చప్పుడు లేదు, అమ్మ వాటి మధ్యే కూర్చుండిపోయినట్టు.

పొయ్యి వెయ్యడానికి ఎడ్విన్ రోజూ వచ్చేవాడు. మర్నాడు ఆ వేళకి రాలేదు. సాయంత్రం పొయ్యి ఫెరబీయే వెలిగించాడు. గదంతా పొగ నిండింది. ఒక జంట దగ్గుతూ లేచి వెళ్లిపోయారు, ఆర్డరు ఇవ్వకుండానే.

"ఆ రాసింది పెద్దాయన విన్నాడులే," అన్నాడు కాలిన్ మార్నీతో, గొంతు తగ్గించి. "పోస్టాఫీసులో ఆ అక్కచెల్లెళ్లు ఫోనులో చదివి వినిపించారట. మెచ్చుకుంటున్నామనే అనుకున్నారు, పాపం. 'నువ్వు కూడా ఫేమస్సైపోయావు ఎడ్విన్' అన్నారట. స్టాంపులు కొనకుండానే వెళ్లిపోయాడట." తన గ్లాసు వైపు చూశాడు. "నేను ఆ రోజు నోరు మూసుకుని ఉండాల్సింది. వస్తాడని నాకేం తెలుసు."

గురువారం మధ్యాహ్నం, బల్లలు తుడవడం అయిపోయాక, మార్నీ కోటు తొడుక్కుని వెనక తలుపు నుంచి బయటపడింది. అమ్మతో చెప్పలేదు.

ఎడ్విన్ ఇల్లు సందు చివర, రాతిగోడల అవతల ఒంటరిగా ఉంటుంది. దారి పొడుగునా ఆమె మాటలు కూర్చుకుంటూ నడిచింది. ముందు ప్లేటు సంగతి చెప్పాలి. తర్వాత క్షమించమనాలి. తర్వాత ఆ ఒక్క మాట అడగాలి. గేటు దగ్గరికొచ్చేసరికి అన్నీ వరుసలోనే ఉన్నాయి. తలుపు తట్టేసరికి వరుస చెదిరిపోయింది.

ఎడ్విన్ తలుపు సగం తెరిచాడు. చంకలో గొర్రెపిల్ల ఉంది, చేతిలో పాలసీసా. తల్లిలేనిది అదే కాబోలు. లోపల స్టవ్వు పక్కన అట్టపెట్టె, అందులో గడ్డి. బల్ల మీద ఒకే ఒక్క కుర్చీకి ఎదురుగా ఒకే ఒక్క కప్పు.

"ఏం పిల్లా?"

"ఆదివారం... మీ ప్లేటు నేనే ఇచ్చేశాను. అమ్మకి తెలీదు. మీరు రారనుకున్నాను."

"తెలుసు. చూశాగా." గొర్రెపిల్ల సీసా వదిలేస్తే మళ్లీ నోట్లో పెట్టాడు. "బాగా తిన్నాడు వాడు. చలికి బెదిరిపోయి ఉన్నాడు. నేనైనా అదే చేసేవాణ్ని. దానికా ఇంత దూరం వచ్చావు?"

ఆమెకి గుండె తేలికైంది. ఆ తేలికలోనే మిగతాదంతా గబగబా బయటికొచ్చేసింది. ఫెరబీ చదివింది, అడిగింది, నెలాఖరు, పైగదులు. అమ్మ అటకమీంచి దించిన పెట్టెల సంగతి కూడా చెప్పింది. జన్మలో ఒక్కరితోనూ ఒకేసారి అన్ని మాటలు మాట్లాడలేదు.

"మీరొచ్చి ఒక్క మాట చెప్తే చాలండీ. అది కూలి అని. మీరు తెచ్చే పుల్లలకీ, పొయ్యికీ కూలి అని."

ఎడ్విన్ సీసాని కాస్త పైకెత్తాడు. గొర్రెపిల్ల పాలు పీల్చే చప్పుడే వినిపించింది.

"కూలి," అన్నాడు.

"అంటే... మీరు పని చేస్తున్నారు కదా."

"నేను కూర్చునేచోట చలేస్తే పొయ్యి వేసుకున్నాను. నా ఇంట్లోనూ వేసుకుంటాను. దానికి నాకెవరిస్తారు కూలి?" గొంతు పెంచలేదు. గొర్రెపిల్లతో మాట్లాడుతున్నట్టే మాట్లాడాడు. "మీ అమ్మ భోజనం పెట్టింది. ఎందుకని నేనడగలేదు. ఎందుకో తను చెప్పలేదు. వారం మొత్తంలో ఆ ఒక్కపూటే నేనూ ఎవరికో ఏదో అవుతానన్నట్టు ఉండేది."

మార్నీ అతని బూట్ల వైపు చూసింది. వాటి మీద ఎండిన గడ్డి అంటుకుని ఉంది.

"మీ అమ్మ పంపిందా నిన్ను?" అన్నాడు. "ఈ మాట చెప్పించమని?"

లేదు. లేదండీ. వద్దంది, తిట్టింది, మీ పేరెత్తనివ్వలేదు. మాటలన్నీ ఉన్నాయి. ఉండాల్సిన చోటే, గొంతులో ఉన్నాయి. ఇందాక అన్ని మాటలు ఎలా వచ్చాయో, ఈ ఒక్కటీ ఎందుకు రావడంలేదో ఆమెకి అర్థం కాలేదు. నోరు తెరిచింది. చలికి ఆవిరి తప్ప అందులోంచి ఏమీ రాలేదు.

ఎడ్విన్ కాసేపు ఎదురుచూశాడు. ఆయన తొందరపడే మనిషి కాదు, మామూలుగా ఎవరైనా ఆగేదానికంటే ఎక్కువసేపే ఆగాడు. తర్వాత మెల్లగా తలాడించాడు, ఆమె జవాబు చెప్పినట్టే.

"సరే. అడగడంలో తప్పేముంది, పిల్లను పెంచుకోవాలి కదా. రేపు పొద్దున్నే వస్తానని చెప్పు. ఆ పెద్దమనిషి ఎదురుగా నిలబడి చెప్తాను, కూలే అని. మీ గదులు మీకుంటాయి." సీసా ఖాళీ అయింది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు. "కూలి ఇన్నాళ్లూ సరిగ్గానే ముట్టిందని కూడా చెప్పు మీ అమ్మకి. ఇక పని మానేశానని చెప్పు."

"ఎడ్విన్ గారూ..."

"ఇంటికెళ్లు తల్లీ. తడుస్తున్నావు."

గొర్రెపిల్లను ఇంకో చంకలోకి మార్చుకుని, ఆమె వేళ్లు గుమ్మానికి తగులుతున్నాయేమో ఒకసారి చూసి, జాగ్రత్తగా తలుపు మూశాడు.